ఇండియన్ ఓషన్ కచేరీలు: పాఠకుల అనుభవాలు, సందేహాలు

గత సంచికలో ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ అనే రాక్ సంగీత బృందం గురించి రాస్తూ, ఆ కచేరీలను ప్రత్యక్షంగా విన్న పాఠకులు తమ అనుభవాలను, సందేహాలను రాసి పంపవలసిందిగా కోరాను. వచ్చిన ఉత్తరాలలో పొగడ్తలకన్నా జ్ఞాపకాలే ఎక్కువగా ఉండటం నాకు చాలా సంతోషం కలిగించింది. స్థలాభావం వల్ల వాటిలో ఐదింటిని మాత్రమే, కొద్దిగా కుదించి, ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: 2000లో వచ్చిన ‘కందీసా’ క్యాసెట్‌ను మా హాస్టల్ గదిలో టేపు సాగిపోయేదాకా విన్నాం. ఆ రోజుల్లోనే ఒక్కసారి కచేరీకి కూడా వెళ్లాను. అశీం చక్రవర్తి గారు పోయారని తెలిశాక మళ్లీ వెళ్లాలనిపించలేదు. ఈమధ్య మా అబ్బాయి పట్టుబట్టి తీసుకువెళ్లాడు. ‘కందీసా’ ఎత్తుకోగానే ఆ గొంతుల మధ్య లేని గొంతే నాకు వినిపించి, దుఃఖం ఆపుకోలేక సగంలోనే బయటికి వచ్చేశాను. ఇప్పుడున్నది ఆ బృందమేనా, లేక పేరు మాత్రమే మిగిలిందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీరు బయటికి వచ్చేసినందుకు నొచ్చుకోవలసిన పని లేదమ్మా. ఆయన కూర్చునే చోటు వైపు చూడలేక తల దించుకుని విన్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

ముందుగా మీ ప్రశ్నలోని లెక్క చూద్దాం. 1990లో సుస్మిత్ సేన్ గిటారుతో, అశీం చక్రవర్తి తబలాతో, గాత్రంతో ఈ బృందానికి ప్రాణం పోశారు. 1991లో రాహుల్ రామ్ బేస్ గిటారుతో, 1994లో అమిత్ కిలమ్ డ్రమ్స్‌తో వచ్చి చేరారు. మనం ‘ఇండియన్ ఓషన్’ అని తలుచుకునే ధ్వని ఈ నలుగురిది. అశీం గారు 2009 డిసెంబరు 25న కన్నుమూశారు. సుస్మిత్ గారు 2013లో బృందాన్ని వీడారు. అంటే పునాది వేసిన ఇద్దరూ నేడు వేదిక మీద లేరు, కానీ ముప్పై ఏళ్లకు పైగా ఆ పాటలను మోస్తున్న ఇద్దరు ఇప్పటికీ ఉన్నారు.

ఇక లెక్కకు అందని సంగతి చెబుతాను. అశీం గారిని నేను దగ్గరగా చూసింది ఒక కళాశాల ఆరుబయలు వేదిక మీద. తక్కినవారు నిలబడి వాయిస్తుంటే ఆయన చిన్న అరుగు మీద బాసింపట్టు వేసుకుని, ముందు తబలా, పక్కన మరికొన్ని వాద్యాలు, నోటి దగ్గర మైకు పెట్టుకుని పాడుతున్నారు. మన కచేరీలలో పాడేవారొకరు, వాయించేవారొకరు. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో మృదంగ విద్వాంసుడు కనిపెట్టి, అక్కడొక ముక్తాయింపు వేస్తాడు. అశీం గారి విషయంలో అలా కనిపెట్టవలసిన అవసరమే లేదు, ఎందుకంటే ఊపిరీ వేళ్లూ ఒకే మనిషివి. గొంతు పైకి వెళ్లబోయే ముందు ఆయన ఎడమ చెయ్యి బాయా (తబలా జంటలోని పెద్ద వాద్యం) మీద ఒక్క క్షణం ఆగేది. నేను కళ్లారా చూసిన ఆ చిన్న ఆగుడు ఏ రికార్డులోనూ అంత స్పష్టంగా దొరకదు.

ఆయన తరువాత ఆ పనిని ఇద్దరు పంచుకున్నారు. గాత్రానికి హిమాంశు జోషి, తబలాకు తుహిన్ చక్రవర్తి వచ్చారు. గిటారుకు సుస్మిత్ గారి స్థానంలో నిఖిల్ రావు వచ్చారు. ఒకరి ఒంట్లో జరిగిన సంభాషణ ఇప్పుడు ఇద్దరి మధ్య జరగాలి కనుక, హిమాంశు గారు రాగం తీస్తూ తుహిన్ గారి వైపు తిరిగి చూస్తారు. ఆ చూపులో తబలా అందుకుంటుంది. ఇది పాతదానికి నకలు కాదు, అలా కావాలని వారు ప్రయత్నించకపోవడమే నాకు నచ్చింది. నా అభిప్రాయం అడిగితే, ఇది అదే బృందం, కానీ పాట నడిచే తీరు మారింది. మరొక్కసారి వెళ్లండి, ఈసారి పాత గొంతు కోసం కాకుండా ఆ ఇద్దరి మధ్య ఏం జరుగుతోందో చూడటానికి వెళ్లండి. మీ అబ్బాయి పక్కనే ఉంటాడు కదా.

ఉత్తరం: మాది దేవీపట్నం మండలంలో గోదావరి గట్టున ఉండిన ఊరు. పోలవరం ముంపు వల్ల మా కుటుంబం పునరావాస కాలనీకి మారింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న నేను స్నేహితులతో కలిసి ఇండియన్ ఓషన్ కచేరీకి వెళ్లాను. అప్పటికి వారి పాట ఒక్కటీ వినలేదు. ‘మా రేవా’ మొదలుపెట్టే ముందు రాహుల్ రామ్ గారు నర్మద గురించి నాలుగు మాటలు చెప్పారు. పాట భాష నాకు సగమే అర్థమైంది. కానీ చుట్టూ అందరూ చప్పట్లు చరుస్తూ ఊగుతుంటే నాకు మాత్రం మా రేవు మెట్లు, వాటి మీద మా అమ్మ బట్టలు ఉతికే చప్పుడు గుర్తుకు వచ్చాయి. ఇంటికి వచ్చి అమ్మకు ఫోనులో ఆ పాట వినిపించాను. ‘ఇది ఏ ఏటి పాటరా?’ అని అడిగింది. ఆ పాట వెనుక ఉన్న సంగతి కొంచెం వివరించగలరా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదువుకున్నాను. రేవా అన్నది నర్మదకు మరో పేరు. ‘మా రేవా’ నర్మదను తల్లిగా పిలిచి, ఆ నీటి నిర్మలత్వాన్ని కొలిచే జానపద గీతం. ఇందులో నినాదం లేదు, నింద లేదు. కానీ ఈ పాట ఆ బృందానికి చేరిన దారి మీ అనుభవానికి చాలా దగ్గరిది. రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేట్ చేసి తిరిగి వచ్చి, నర్మద మీది ఆనకట్టల వల్ల మునిగే ఊళ్లవారి పోరాటమైన నర్మదా బచావో ఆందోళనలో పనిచేశారు. లోయలోని పల్లెల మధ్య తిరుగుతూ విన్న పాటను వెంట తెచ్చుకున్నారు. ఊళ్లు మునిగిపోతాయని తెలిసిన మనుషులు కూడా నదిని అమ్మా అనే పిలిచారు.

అందుకే ఆ పాటకు ముందు ఆయన చెప్పే మాటలను, ‘కబుర్లు ఆపి పాట అందుకోరేం’ అని విసుక్కునే శ్రోతలను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. హరికథలో దాసుగారు కథ ఆపి చెప్పే పిట్టకథ కథలో భాగమైనట్టే, ఆ మాటలూ పాటలో భాగమే. ‘కందీసా’ సంగతీ అంతే. అది కేరళలోని సిరియన్ క్రైస్తవ సంప్రదాయంలో నిలిచిన, ప్రాచీన అరమాయిక్ భాషలోని ప్రార్థన అనీ, కందీసా అంటే పవిత్రమైనదని అర్థమనీ తెలిసి విన్నప్పుడు, వేలమంది గొంతు కలిపే ఆ క్షణం మరో రకంగా వినిపిస్తుంది. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. రికార్డులో కంఠతా వచ్చిన పాటను కచేరీలో వింటే మధ్యలో ఎక్కడికో వెళ్లిపోయి, చాలాసేపటికి తిరిగి వచ్చింది. నేను పాడుకుంటూ ఉండగా నా పల్లవి గాలిలో ఉండిపోయింది. పైగా రాత్రి పది కాగానే ఉన్నపళంగా ముగించేశారు. ఇది శ్రోతలకు అన్యాయం కాదా?
– ఒక విద్యార్థి, వరంగల్లు

జవాబు: రెండో సంగతి ముందు చెబుతాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు సాధారణంగా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, కనుక అందులో బృందం తప్పేమీ లేదు. ఆలస్యంగా మొదలుపెట్టిన నిర్వాహకులను మాత్రం మీరు తప్పకుండా అడగవచ్చు.

మొదటిదానికి వస్తే, ఈ బృందానికి రికార్డు అసలు, కచేరీ నకలు అనే వరుస సరిపోదు. 1997లో వచ్చిన వారి ‘డెజర్ట్ రెయిన్’ ఆల్బమ్ స్టూడియోలో తయారైనది కాదు, ఒక కచేరీలో నేరుగా రికార్డు చేసినది. రాగాన్ని విప్పుకుంటూ వెళ్లే హిందుస్తానీ అలవాటు, ఒకే వరుసను తిప్పి తిప్పి వేడెక్కించే రాక్ అలవాటు వారిలో రెండూ ఉన్నాయి. మీ పల్లవి గాలిలో ఉండిపోయినప్పుడు అమిత్ గారి డ్రమ్స్ మీదే చెవి ఉంచండి. మిగతావారు ఎంత దూరం వెళ్లినా తిరిగి వచ్చే చోటును ఆయన దెబ్బ చూపిస్తూనే ఉంటుంది. మన కచేరీలో తనియావర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం) తరువాత పల్లవి మళ్లీ అందుకున్నప్పుడు సభ అంతా ఒక్కసారి నిట్టూర్చడం మీరు వినే ఉంటారు. ఇక్కడ ఆ నిట్టూర్పు కేక అవుతుంది.

ప్రశ్న: చిన్నతనంలో మృదంగం నేర్చుకున్న మా నాన్నగారిని, ఆయన వయసు అరవై ఎనిమిది, బెంగళూరులో ఈ కచేరీకి తీసుకువెళ్లాను. వేదికకు బాగా దగ్గరగా చోటు దొరికిందని సంబరపడ్డాం. కానీ ఆయనకు తబలా వినపడలేదు, చెవులు మాత్రం మర్నాటిదాకా గింగురుమన్నాయి. ‘అంత హోరులో తబలా ఎందుకు పెట్టుకున్నారమ్మా?’ అన్నారు. మళ్లీ తీసుకువెళ్లాలంటే ఏం జాగ్రత్త తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: నాన్నగారి ప్రశ్న చాలా సరైనది. డ్రమ్స్ పక్కన తబలాను వినిపించడం సౌండ్ ఇంజనీరుకు నిజంగా కష్టమైన పని. తబలా నాదం సున్నితమైనది కనుక మైకును బాగా దగ్గరపెట్టి, దాని శక్తి పెంచాలి. అలా పెంచిన మైకు పక్కనున్న డ్రమ్స్‌ను కూడా పట్టుకుంటుంది. అంతేకాక, బాయా చర్మం స్పీకర్లలోంచి వచ్చే బేస్ గిటారు అదురుకు తానే మోగడం మొదలుపెడుతుంది. ఆ మోతను మైకు మళ్లీ స్పీకరుకు పంపితే మైకు కూస్తుంది. ఆ కూతకు భయపడి ఇంజనీరు తబలాను తగ్గిస్తే, మీ నాన్నగారికి జరిగినట్టు అది హోరులో కలిసిపోతుంది.

ముందు వరుసలో నష్టం మరింత ఎక్కువ. అక్కడ వేదిక మీది డ్రమ్స్ నేరుగా చెవిని తాకుతాయి, కింద పేర్చిన పెద్ద బేస్ స్పీకర్లు ఎదురుగానే ఉంటాయి, గాత్రాన్ని, తబలాను మోసే స్పీకర్లు మాత్రం తల మీదుగా వెనక్కి గురిపెట్టి ఉంటాయి. మైదానం నడుమ గుడారం వేసుకుని మిక్సరు ముందు ఇంజనీరు కూర్చుంటారు. ఆయన తన చెవికి ఏది బాగుందో దానినే అందరికీ పంపుతారు కనుక, ఆయనకు కొద్దిగా ముందు, వేదికకు నడిమి గీత మీద నాన్నగారిని కూర్చోబెట్టండి. నాన్నగారు తబలాలో అంచు మీద పలికే చాటీ, లోపలి భాగం మీద పలికే సురూ వేరువేరుగా గుర్తుపడతారని నా నమ్మకం. మరీ వెనక్కి వెళ్లినా చిక్కే. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, వంద మీటర్ల వెనుక ఉన్నవారికి దెబ్బ దాదాపు సెకనులో మూడో వంతు ఆలస్యంగా అందుతుంది. వెనుకవారి చప్పట్లు తాళం తప్పినట్టు ఉండటానికి అసలు కారణం అదే.

చెవుల సంగతి తేలికగా తీసుకోవద్దు. ఇలాంటి వేదికలలో పదిహేను నిమిషాల సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం ప్రకటించింది. మందుల దుకాణాలలో దొరికే మెత్తని ఇయర్ ప్లగ్గులు పెట్టుకుంటే పాట వినిపిస్తూనే ఉంటుంది, మొత్తం శబ్దం తగ్గుతుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు ఆయనను దూరంగా నడిపించి తీసుకురండి. గింగురు ఒకటి రెండు రోజుల్లో పోకపోతే చెవి వైద్యునికి చూపించండి.

ప్రశ్న: కచేరీ వీడియో ఒకటి మా నాయనమ్మ పక్కన కూర్చుని చూస్తున్నాను. అమిత్ కిలమ్ గారు డ్రమ్స్ వదిలి, ఏదో చిన్న వాద్యాన్ని చంకలో ఇరికించుకుని వాయించారు. నిద్రలోకి జారుకోబోతున్న నాయనమ్మ కళ్లు తెరిచి, ‘జముకు! ఈళ్లకెలా తెలుసు?’ అంది. అది నిజంగా మన జముకేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: నాయనమ్మ గారి చెవికి చేతులెత్తి నమస్కరించాలి. అమిత్ గారు వాయించినది బెంగాల్‌లోని బావుల్ అనే సంచార జానపద గాయకుల వాద్యం, దాని పేరు గబ్‌గుబీ. చిన్న గుండ్రని డొల్లకు ఒకవైపు చర్మం బిగించి, ఆ చర్మం నడుమ నుంచి తీగ లాగి, రెండో కొసను చిన్న పిడికి కడతారు. డొల్లను చంకలో నొక్కి, ఎడమ చేత్తో పిడిని లాగుతూ వదులుతూ, కుడి చేత్తో తీగను మీటుతారు. తీగ బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, వదిలితే జారిపోతుంది. అందుకే అది మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవారి జముకు, తెలంగాణలో బైండ్లవారు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు వాయించే జమిడిక కూడా చర్మాన్ని తీగతో మోగించే ఈ కుటుంబంలోవే. వాద్యం వేరు, వంశం ఒకటే. నాయనమ్మ గారు జముకుల కథ ఏ ఊళ్లో, ఎవరి ఇంటి ముందు విన్నారో, ఏ కథ విన్నారో అడిగి తెలుసుకుని మాకు రాసి పంపండి. వచ్చే సంచికలో దానికి చోటు ఉంచుతున్నాను.