పొడుగు ఇంగ్లిష్ పదాల్లో స్ట్రెస్ ఎక్కడ? తోక నుంచి లెక్కపెట్టండి

రెస్పాన్సిబిలిటీ, ఫోటోగ్రఫీ లాంటి పొడుగు నామవాచకాల్ని ఎలా విడగొట్టాలి, స్ట్రెస్ (గట్టిగా నొక్కి పలికే బరువు) ఎక్కడ వేయాలి, ఒక్కోటీ బట్టీ పట్టాల్సిందేనా అని అడిగారు. అన్నీ అక్కర్లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోన్లో 'డెవలప్‌మెంట్' అన్నాను, 'డె'ని గట్టిగా నొక్కి. అవతలాయన మూడుసార్లు 'ఏంటీ?' అన్నాడు. అక్షరాలన్నీ శుభ్రంగానే పలికాను కదా అని ఉక్రోషం వచ్చింది. చిక్కు అక్కడే ఉంది. మనం ప్రతి అక్షరానికీ న్యాయం చేస్తాం, ఇంగ్లిష్ ఒకదాన్ని పైకెత్తి మిగతావాటిని నలిపేస్తుంది. ఆయన చెవి వెతికింది 'డి-వె-లప్-మంట్' కోసం, బరువు 'వె' మీద. డెవలప్ అనే క్రియలోనూ అక్కడే. -మెంట్, -నెస్ తగిలించినా బరువు కదలదు.

కదిలించే తోకలు వేరే ఉన్నాయి. ఫోటోగ్రాఫ్‌లో బరువు 'ఫో'ది. ఫోటోగ్రఫీ అనేసరికి 'టా' మీదికి దూకి, పాపం 'ఫో' కాస్తా 'ఫ' అయిపోతుంది: ఫ-టా-గ్ర-ఫి. ఫోటోగ్రాఫిక్‌లో మళ్లీ 'గ్రా' మీదికి. అందుకే చివర నుంచి చూడాలి. -షన్, -ఇక్ ఉంటే వాటికి ముందు సిలబుల్ (ఒక్క ఊపులో పలికే ముక్క) మీద; -ఇటీ, -లజీ, -గ్రఫీ ఉంటే చివర నుంచి మూడోది. పాలిటిక్స్ లాంటివి ఒకటీ అరా మాట వినవు.

ఇలాంటి తోకేమీ లేని నామవాచకాలకు మన గురులఘువులే పనికొచ్చాయి, ఇది తట్టిన రోజు భలే సంబరపడ్డాను. చివర నుంచి రెండోది గురువైతే బరువు దానిదే: అరోమాలో 'రో', అజెండాలో 'జెం'. లఘువైతే ఇంకొకటి వెనక్కి: సినిమాలో 'సి', అమెరికాలో 'మె'. క్యాలెండర్ మాత్రం మొండికేసి 'క్యా' మీదే కూర్చుంటుంది.

విడగొట్టడానికి నిఘంటువులో పదం మధ్య ఉండే చుక్కల్ని నమ్ముకోకండి. అవి చాలావాటిలో అచ్చులో పంక్తి చివర పదాన్ని విరవడానికి పెట్టినవి. పక్కనే ఉచ్చారణ రాస్తారు. అందులో పైన చిన్న నిలువుగీత ఏ సిలబుల్ ముందుంటే బరువు దానిదే.

నేను ఇప్పటికీ కొత్త పదాన్ని వెనక నుంచే కట్టుకుంటూ వస్తాను: టీ, లటీ, బిలటీ, సబిలటీ, స్పాన్సబిలటీ, రిస్పాన్సబిలటీ. ఆరు సిలబుల్స్, 'బి' దగ్గర గొంతు లేవాలి.