పడవ నీళ్లలోకి దిగేముందు

అల్లుడికి,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. సొంత పడవకి లోతూ చేపల జాడా చూపించే ఫిష్ ఫైండర్ కొన్నావట, వేట నిషేధం అయ్యేలోపు గట్టు మీదే బిగించి చూసుకుంటావట. నా చేతుల్లో పెరిగినవాడు పడవ యజమాని అయ్యాడని ఎంత సంతోషమో చెప్పలేను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావని ఇలా రాస్తున్నాను.

బ్యాటరీ 12 వోల్టులు ఉందో లేదో మీటరు పెట్టి చూడు. ప్లస్, మైనస్ తారుమారు చెయ్యకు. ఫ్యూజు లేకుండా వైరు కలపకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా అడుగున బిగించే ట్రాన్స్‌డ్యూసర్ గురించి. దాన్లో పుట్టే శబ్దం నీళ్లలోకి పోయి అడుగు తగిలి తిరిగి రావాలి, దాన్నిబట్టే మిషను లోతు లెక్క కడుతుంది. ఎదురుగా గాలే ఉంటే బయటికి పోలేక లోపలే వేడి అవుతుంది. నీళ్లలో ఉంటే ఆ వేడిని నీళ్లే లాగేస్తాయి. నీది చిన్న సెట్టయితే, దాంతో వచ్చిన పుస్తకం ఒప్పుకుంటే, ఒక్క నిమిషం ఆన్ చేసి చెవి దగ్గరగా పెట్టి విను. టిక్ టిక్‌మని వినిపిస్తే పనిచేస్తున్నట్టే. నీటి వేడి చూపించే రకమైతే అరచేత్తో మూసి పట్టుకో, తెర మీద అంకె మెల్లగా పెరుగుతుంది. వెంటనే ఆపేయ్. ఎక్కువ పవరుండే కిలోవాట్ సెట్టయితే గట్టు మీద అసలు వద్దు. బటన్లు నేర్చుకోవాలంటే ట్రాన్స్‌డ్యూసర్ తీసేసి, ఉత్తుత్తి బొమ్మలు చూపించే డెమోలో చూసుకో. నీళ్లలో దించేముందు డెమో తీసేశావో లేదో రెండుసార్లు చూడు.

గట్టు మీద లోతు ఎంత చూపించినా పట్టించుకోకు. శబ్దం నీళ్లలో సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో 340. మిషను నీళ్ల లెక్కే కడుతుంది. బకెట్‌లో ముంచినా లోతు తేలదు, గోడలకి తగిలి తిరిగొస్తుంది.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు పుట్టకముందు నేను ఒక పని చేశాను. పడవ గట్టు మీద ఉంది. కొత్త సెట్టు నలుగురికీ చూపిద్దామని ఆన్ చేసి, ఆపకుండానే అన్నానికి వెళ్లిపోయాను. వచ్చి చెయ్యి పెడితే పెనంలా కాలింది. తెర వెలుగుతూనే ఉంది కదా, ఏమీ కాలేదనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా తప్పు అక్కడ మొదలైంది.

వేట మొదలయ్యాక ఒక రాత్రి గోదావరి సముద్రంలో కలిసే మొగ మీదుగా వస్తున్నాం. అక్కడ ఇసుక మేట ఏటా జాగా మారుస్తుంది. తెర మీద 12 మీటర్లు ఉంది, అంకె ఆరుతూ వెలుగుతూ ఉంది. మీ నాన్న ముందు నిలబడి, "బావా, లోతు చూడ్డానికి ఓసారి గుండు తాడేద్దామా?" అన్నాడు. "ఇంత మిషను ఉండగా తాడెందుకురా" అని కసిరాను. అంకె అలా మిణుకుతుంటే మిషనుకి అడుగు దొరకడం లేదని, అది అంతకుముందు చూసిన లోతని తర్వాత తెలిసింది. ఆ క్షణంలోనే పడవ ఇసుక ఎక్కేసింది. అల ఎత్తి ఎత్తి కొడుతోంది. లంగరు తాడు పట్టబోయి మీ నాన్న ఎడమ చెయ్యి తాడుకీ కొయ్యకీ మధ్య నలిగింది. రెండు వేళ్లు పోయాయి.

చిన్నప్పుడు నువ్వు ఆ చెయ్యి పట్టుకుని ఏమైందని అడిగేవాడివి. సొర కొరికిందని చెప్పేవాడు. నా మీద నీకు గౌరవం తగ్గకూడదని అలా చెప్పాడు. ఆయన పోయి ఇన్నేళ్లయినా నిజం నీకు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పాను నాన్నా.

అందుకే స్నేహితులు చుట్టూ ఉన్నప్పుడు ఆ సెట్టు ఆన్ చెయ్యకు. ఈ మాట వినకపోతే వచ్చి చెవి మెలేస్తాను.

అసలు పరీక్ష నీళ్లలోనే. పడవ దించాక జెట్టీ దగ్గర కట్టేసి, ట్రాన్స్‌డ్యూసర్ ముఖాన్ని సబ్బు నీళ్లతో తుడువు, గాలి బుడగలు అంటుకోవు. తర్వాత గుండు తాడు వెయ్యి. తాడు లెక్క నీళ్ల పైనుంచి, మిషను లెక్క ట్రాన్స్‌డ్యూసర్ దగ్గరనుంచి. ఆ తేడా తీసేశాక రెండూ కలవాలి. ఇంజను నడుపుతూ మళ్లీ చూడు, ప్రొపెల్లర్ నురగ తగిలితే అడుగు గీత చెరిగిపోతుంది. పడవకి వేసే మామూలు రంగు ముఖం మీద పూయనివ్వకు.

మీ నాన్న బారకో ముడి వేసిన తాడు మా అటక మీదే ఉంది. సీసం గుండుకి నూనె రాసి ఉంచాను. జూన్ 14 లోపు నువ్వే వచ్చి తీసుకెళ్లు, వేరేవాళ్ల చేత పంపను. అత్త నీకోసం ఎండు నెత్తళ్లు దాచింది.

మీ మావయ్య