నాన్నగారు నాతో మాట్లాడటం మానేశారు

ప్రశ్న: మా నాన్నగారు రిటైర్డ్ టీచర్. వయసు 71. ‘పింఛనుదార్లు ఇకపై లైఫ్ సర్టిఫికెట్‌తో పాటు అధికారి ఎదుట 20 మెట్లు ఎక్కి చూపించాలి’ అని వాట్సాప్‌లో వచ్చిన పోస్టు నిజమనుకుని తోటి టీచర్లందరికీ పంపారు. ఆ రోజు మేడమెట్లు ఎక్కి దిగి చూసుకున్నారని అమ్మ చెప్పింది. అది జోక్ అని నేను ఫ్యామిలీ గ్రూపులో నవ్వే బొమ్మలు పెట్టి రాశాను. అందరూ నవ్వారు. ఆ రాత్రే ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయారు. మూడు వారాలుగా నా ఫోన్ ఎత్తడం లేదు.

జవాబు: అమ్మా, మీరు పంపిన ఆ పోస్టు చూశాను. అచ్చం పేపర్ కటింగే. లావుపాటి హెడ్డింగు, పక్కనే ఆఫీసు మెట్ల ఫొటో. అడుగున హాస్యం పేజీ పేరు ఉండేదనుకుంటా. స్క్రీన్‌షాట్ తీసినవాళ్లెవరో కత్తిరించేశారు, సగం తెగిన అక్షరాలు మిగిలాయి. మీ నాన్నగారి ఫోనుకి చేరేసరికి అది జోక్ అనడానికి ఒక్క ఆనవాలూ లేదు. పేపర్లో పడిందంటే ఎవరో సరిచూసే వేసుంటారని నమ్మిన తరం వాళ్లది. పైగా లైఫ్ సర్టిఫికెట్ ఏటా ఇవ్వాల్సిందే, వేలిముద్ర పడక తిప్పలు పడే పెద్దవాళ్లూ ఉన్నారు. దానికి ఇంకో రూలు తోడైందంటే 71 ఏళ్ల మనిషికి నవ్వెలా వస్తుంది? ఆయన మెట్లెక్కి చూసుకున్నారన్న మాట దగ్గర నా మనసు చివుక్కుమంది.

2012లో అమెరికా వ్యంగ్య పత్రిక ‘ది ఆనియన్’ ఉత్తర కొరియా నేత కిమ్ జోంగ్ ఉన్‌ని ఆ ఏటి అందగాడిగా ప్రకటించింది. చైనా ‘పీపుల్స్ డైలీ’ వెబ్‌సైట్ అది నిజమనుకుని 55 ఫొటోలతో వేసింది. ఎడిటర్లున్న చోటే అలా జరిగింది. మీ నాన్నగారి తెలివికి వచ్చిన లోటేమీ లేదు.

ఏళ్ల తరబడి పిల్లల తప్పులు దిద్దిన చెయ్యి అది. ఆయన తప్పుని అల్లుళ్ల ముందు, మనవల ముందు దిద్దారు మీరు. గాయం అక్కడే తగిలింది.

ఫోన్లు చేయడం ఆపి, ఈ ఆదివారం ఇంటికి వెళ్లండి. ‘నాన్నా, అందరి ముందు అలా అనకుండా ఉండాల్సింది, తప్పు నాదే’ అనండి. ఆ వెంటనే ‘కానీ మీరు కూడా’ అని మొదలెట్టకండి, దయచేసి. ఆయన కోప్పడితే పడనివ్వండి.

వాట్సాప్ పాఠం ఆ రోజు వద్దు. కొన్నాళ్లు పోయాక, చాలా చేతులు మారిన మెసేజ్ పైన జంట బాణాలు కనిపిస్తాయని చూపించండి. ఇకమీదట ఏదైనా సరిదిద్దాల్సి వస్తే గ్రూపులో కాకుండా ఆయనకొక్కరికే చెప్పండి.

ఆ పోస్టు చదివిన టీచర్లలో ఇంకా భయపడుతున్నవాళ్లు ఉండొచ్చు. ‘అలాంటి రూలేమీ లేదట, ఎవరో సరదాకి రాశారట’ అని వాళ్లకి ఆయనే పంపితే బాగుంటుంది. కాస్త కుదుటపడ్డాక అడిగి చూడండి. ఆయన టైపు చేస్తుంటే పక్కన కూర్చోండి. మీరు మాత్రం ఫోన్ అందుకోకండి.