అకరణీయంలో ‘అ’ ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. మా అమ్మాయి ఇంగ్లిష్ మీడియంలో ఎనిమిదో తరగతి. పరీక్ష ముందు రోజు రేషనల్, ఇర్రేషనల్ గురించి అడిగింది. ‘అ’ అంటే ‘కాదు’ అనే కదా అని, మేము చదువుకున్న అకరణీయ సంఖ్యలే ఇర్రేషనల్ అనుకుని అలాగే చెప్పాను. రెండు మార్కులు పోయాయి, నా మీద అలిగింది. ఇంకో అనుమానం. పై (π) ఇర్రేషనల్ అని పాఠంలో ఉంది. లెక్కల్లోనేమో పై విలువ 22/7 తీసుకోమంటారు. 22/7 భిన్నమే కదా! ఏది నిజం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఈ తికమక మీ ఒక్కరిదే కాదు. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. మా దగ్గర తెలుగు మీడియంలో పది పాసై, ఇంటర్ ఇంగ్లిష్ మీడియంలో చేరిన పిల్లలు వచ్చి మొదట అడిగేది ఇదే. రేషనల్ అంటే అకరణీయం, ఇర్రేషనల్ అంటే కరణీయం. ‘కాదు’ అనే ముక్క ఇంగ్లిష్‌లో ఒకదానికి ఉంటే తెలుగులో రెండోదానికి ఉంది.

కారణం తెలిస్తే ఇక మరిచిపోరు. రేషనల్ అనే మాటలో రేషియో ఉంది, అంటే నిష్పత్తి. రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగా రాయగలిగితే రేషనల్ (హారం సున్నా కాకూడదు). మన పేరు వేరే వైపు నుంచి వచ్చింది. యజ్ఞవేదికలు కట్టే కొలతలు చెప్పిన శుల్బ సూత్రాల్లో చతురస్రం భుజాన్ని కరణి అన్నారు. రెట్టింపు వైశాల్యం ఇచ్చే భుజం ద్వికరణి, అంటే మన √2. తర్వాతి గణితంలో √2, √3 లాంటి, తెగని వర్గమూలాలకు కరణి అనే పేరు నిలిచిపోయింది. అలాంటివి కరణీయాలు, అలాంటివి కానివి అకరణీయాలు. పాపకు ఈ కథ చెప్పండి, అలక తీరుతుంది.

పేరు కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ‘దశాంశం తెగకుండా పోతే ఇర్రేషనల్’ అని చాలామంది పిల్లలు బట్టీ పడతారు. అది తప్పు. 1/3 = 0.333... ఎప్పటికీ తెగదు, అయినా అకరణీయమే. ఒకసారి మా తరగతిలో ఒక అబ్బాయి కాలిక్యులేటర్ మీద 1/17 కొట్టి, ‘సార్, ఇందులో ఏదీ తిరిగి రావట్లేదు, ఇది కరణీయం’ అన్నాడు. వాడు చూసింది నిజమే. 1/17లో 16 అంకెల తర్వాత గానీ వరస మళ్లీ మొదలవదు, కాలిక్యులేటర్‌లో అన్ని అంకెలు పట్టవు. అంకెలు చూసి తేల్చకూడదని ఆ రోజు నుంచి ప్రతి బ్యాచ్‌కీ నొక్కి చెప్పాను.

మరి తిరిగి వస్తుందని నమ్మకమేమిటి? 22ని 7తో చేత్తో భాగించమనండి. శేషాలు వరసగా 1, 3, 2, 6, 4, 5 వస్తాయి. 7తో భాగిస్తే, పూర్తిగా పోకపోతే, శేషం 1 నుంచి 6 లోపే ఉండాలి. ఆరూ అయిపోయాక పాతదే రాక తప్పదు. అందుకే 3.142857142857... అని అదే వరస తిరుగుతుంది. ఏ భిన్నానికైనా ఇంతే: దశాంశం తెగాలి, లేదా తిరగాలి.

ఇప్పుడు √2. ఒక ఎ4 కాగితం తీసుకుని, ఒక మూలను ఎదురు అంచు మీదికి మడిస్తే చతురస్రం వస్తుంది. ఆ మడత గీతే దాని కర్ణం. ఇంకో ఎ4 కాగితం పొడుగు అంచు దాని మీద పెట్టండి. సరిపోతుంది! కాగితం 297 మిల్లీమీటర్లు, 210 మిల్లీమీటర్లు. 297/210 అంటే 1.41428..., √2 అంటే 1.41421... కంటికి తేడా తెలియదు. కానీ తేడా ఉంది.

ఈ తేడా పోగొట్టే భిన్నం వెతకమని పాపకు చెప్పండి. 7/5 వర్గం 49/25, 50 అయితే సరిగ్గా 2 వచ్చేది. 17/12 వర్గం 289/144, 288 కావాలి. శుల్బ సూత్రాల్లో ఇచ్చిన విలువను భిన్నంగా రాస్తే 577/408. దాని వర్గం 332929/166464, కావలసింది 332928. అక్కడా ఒక్కటే తేడా! ఇది చూపించినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ ఒకటి ఎందుకు పోదంటే, భిన్నాన్ని కొట్టివేతలన్నీ చేసి కనిష్ఠ రూపంలో పెట్టాక, లవానికీ హారానికీ ఉమ్మడి కారణాంకం మిగలదు. వర్గం చేస్తే పాత కారణాంకాలే రెండేసి సార్లు వస్తాయి, కొత్తది ఒక్కటీ రాదు. అంటే వర్గంలో కూడా కొట్టేయడానికి ఏమీ ఉండదు. హారం పోకుండా పూర్ణసంఖ్య 2 ఎలా వస్తుంది? కాబట్టి ఏ భిన్నం వర్గమూ 2 కాదు. కొట్టివేతలు తెలిసిన ఎనిమిదో తరగతి పిల్లకు ఈ రుజువు చాలు.

పై వర్గమూలం కాదు, అయినా నిష్పత్తిగా రాయలేం కాబట్టి అదీ కరణీయమే. కానీ దాని రుజువు చాలా కష్టం, 1760ల్లో గానీ లాంబర్ట్ అనే గణిత శాస్త్రజ్ఞుడు దాన్ని సాధించలేదు. 22/7 దానికి దగ్గరి భిన్నం మాత్రమే. పై 3.14159..., 22/7 3.14285... 70 సెంటీమీటర్ల వ్యాసమున్న గంగాళం అంచు చుట్టుకొలత 22/7తో 220 సెంటీమీటర్లు వస్తుంది, అసలు చుట్టుకొలత ఇంతకంటే మిల్లీమీటరు లోపే తక్కువ. ఇంటి పనికి అది చాలు. ఆర్యభటుడు 499లోనే 62832/20000 అని ఇంకా దగ్గరి విలువ ఇచ్చి, పక్కనే ‘ఆసన్నం’ అని రాశాడు, అంటే దగ్గరగా ఉన్నది అని.

కాబట్టి ‘పై = 22/7గా తీసుకోండి’ అని ప్రశ్నపత్రంలో ఉంటే పాపను టెన్షన్ లేకుండా తీసుకోమనండి. 22/7 ఎలాంటి సంఖ్య అని అడిగితే రేషనల్ అని, పై ఎలాంటి సంఖ్య అని అడిగితే ఇర్రేషనల్ అని రాయమనండి.