సీరియల్ నటి కైలీ మినోగ్ పాప్ సింగర్ ఎలా అయింది?

మా అమీర్‌పేట హాస్టల్లో కూడా వచ్చిన డౌటే ఇది. ఆస్ట్రేలియా సీరియల్ ‘నైబర్స్’లో 1986 నుంచి కైలీ మెకానిక్ అమ్మాయిగా చేసింది. తోటి నటులతో కలిసి ఓ ఫుట్‌బాల్ క్లబ్‌కి సాయం కోసం స్టేజీ మీద పాడిన పాటను 1987లో రికార్డు చేస్తే అక్కడ నంబర్ వన్ అయింది. తర్వాత పాట రికార్డింగ్‌కి లండన్ వెళితే, ఈమె వస్తుందన్న సంగతే అక్కడి పాటల నిర్మాతలు మర్చిపోయారట! బయట కూర్చోబెట్టి, 40 నిమిషాల్లో పాట కట్టి, పాడించి పంపారు. అదీ బ్రిటన్‌లో నంబర్ వన్. 1988లో సీరియల్ మానేసింది. మధ్యలో కొన్నేళ్లు డల్, 2001లో మళ్లీ పెద్ద హిట్టు. 2024లో గ్రామీ తెచ్చిన పాట పేరు ‘పడమ్ పడమ్’. మా రూమ్మేట్ అయితే ‘మేం కింద పడం’ అనే తెలుగు పాటే అనుకున్నాడు.