రేడియోకు గ్రాంటు ఆగిందట, అమ్మాయిని జర్నలిజంలో చేర్చనా వద్దా?

పాకాల దగ్గర నాలుగు ఆవులు పెట్టుకుని పాల కేంద్రానికి పాలు పోసే ఒక తండ్రి రాశారు. కూతురు తిరుపతిలో డిగ్రీ ఆఖరి ఏడాది. రెండేళ్లుగా సాయంత్రం పూట ఒక కమ్యూనిటీ రేడియోలో, అంటే చుట్టుపక్కల ఊళ్ల కోసం కాలేజీయో స్వచ్ఛంద సంస్థో నడిపే చిన్న రేడియోలో, పనిచేస్తోంది, పీజీలో జర్నలిజం చేస్తానంటోంది. ఈ మధ్య ఆ రేడియోకు సర్కారు డబ్బు తగ్గిందని, పిల్లలకు ఇచ్చే గౌరవవేతనం రెండు నెలలుగా ఆపేశారని ఆయనకు తెలిసింది. ‘అమెరికాలోనే రేడియోలకు డబ్బు కోసేశారంట, యూట్యూబ్‌లో చూశాను. ఇంక మన దగ్గర ఏం నిలబడుతుంది సార్? బీఈడీ చేయించి డీఎస్సీ రాయిస్తే టెన్షన్ ఉండదు కదా?’ అని అడుగుతున్నారు.

అన్నా, మీరు చూసిన వార్త నిజమే. 2025 జులైలో అక్కడ ప్రజా ప్రసారాలకు ఇవ్వాల్సిన సుమారు 110 కోట్ల డాలర్లు రద్దు చేశారు. పల్లెల్లోని చిన్న స్టేషన్లు చాలా వాటికి ఆ డబ్బే ఆధారం, అందుకే అంత గగ్గోలు. మన దగ్గర లెక్క వేరు. కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఇచ్చే గ్రాంటు ముఖ్యంగా ట్రాన్స్‌మిటర్, మైకులు, మిక్సర్ లాంటి సామాన్లకు. దాంతో నెలనెలా జీతాలు గడవవు. ఆ ఖర్చు స్టేషన్ పెట్టిన కాలేజీయో, స్వచ్ఛంద సంస్థో మోయాలి, లేకపోతే ప్రకటనలు తెచ్చుకోవాలి. ఆ ప్రకటనలు కూడా చాలాచోట్ల ప్రభుత్వ శాఖలే ఇవ్వాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఒక కాగితం తీసుకోండి. కమ్యూనిటీ రేడియోలకు పది సెకన్ల ప్రభుత్వ ప్రకటన రేటును 2023లో 52 రూపాయల నుంచి 74కు పెంచారు. ముప్పై సెకన్ల ప్రకటన రోజుకు మూడుసార్లు వేస్తే 666 రూపాయలు, అంటే నెలకు ఇరవై వేలు. గంటలో 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చని అనుమతైతే ఉంది. కానీ పది, పన్నెండు కిలోమీటర్లు దాటితే వినపడని వంద వాట్ల స్టేషన్‌కు అన్ని ప్రకటనలు ఎవరిస్తారు? సొంతంగా వార్తలు చదివి జనాన్ని పట్టుకుందామంటే అదీ కుదరదు, ఆకాశవాణి బులెటిన్‌నే మళ్లీ వేయాలి. శాఖలు ప్రచారం ఖర్చు కుదించిన ఏడాది ఆ ఇరవై వేలూ రావు. అప్పుడు కరెంటు బిల్లు ఆపలేరు కాబట్టి పిల్లల డబ్బు ఆపుతారు. మీ అమ్మాయికి జరిగింది ఇదే అయ్యుంటుంది.

కాబట్టి ఆ స్టేషన్‌లోనే ఆమెకు ఉద్యోగం దొరుకుతుందని మాత్రం అనుకోకండి. అది ఈత నేర్చుకునే బావి, అందులో ఎవరూ కాపురం పెట్టరు. ఆమెకు ఈత వచ్చిందా లేదా అన్నదే మనం చూడాల్సింది.

అది మీరే చూడొచ్చు. ఆమె రికార్డు చేసిన పది నిమిషాల కార్యక్రమం ఒకటి వినిపించమనండి. ఎదుటి మనిషిని మాట్లాడనిస్తోందా, మధ్యలో దూరుతోందా గమనించండి. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 రూపాయలు అని ప్రకటించిన రోజుల్లో ఒక అమ్మాయి నాకు ఇలాంటి ఫైలే వినిపించింది. గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరుస, ఇంజన్ల చప్పుడు. ‘కాయ కోసిన కూలి ఎంత అన్నా?’ అని అడిగింది. ఆ రైతు వెంటనే చెప్పలేదు. ఆ మౌనాన్ని ఆమె కత్తిరించలేదు. నాలుగు సెకన్లు ఉంటుందేమో, నాకు ఇప్పటికీ గుర్తే. అలాంటి పిల్లకు పని దొరక్కపోదు. రాసిచ్చింది తియ్యగా చదవడమే ఆమె పని అయితే మాత్రం నేను వద్దనే అంటాను, ఇప్పుడు ఆ పని కంప్యూటర్ గొంతులే చేసేస్తున్నాయి.

చదువు విషయానికొస్తే, ఇంటికి దగ్గరగా ఉండాలంటే తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనే జర్నలిజం పీజీ ఉంది. నన్నడిగితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి గట్టిగా ప్రయత్నించమంటాను. అక్కడ ‘బోల్ హైదరాబాద్’ అని సొంత రేడియో నడుస్తోంది, కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో పీఠం కూడా ఉంది. దానికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పని ఆకాశవాణి తిరుపతి కేంద్రంలో క్యాజువల్ అనౌన్సర్‌గా మొదలవ్వచ్చు, టీటీడీ వాళ్ల భక్తి ఛానల్ ఎస్వీబీసీలో కావచ్చు, చెన్నైలో డబ్బింగ్ కావచ్చు, వ్యవసాయం, ఆరోగ్యం మీద ఆడియోలు చేయించుకునే సంస్థల్లో కావచ్చు. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువే, అది ముందే తెలిసి దిగండి.

ఇక డీఎస్సీ. గ్రాంటు ఆగిందని రేడియోను చూసి భయపడుతున్నారు గానీ, 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2025లోనే. అప్పుడు 16,347 పోస్టులు. మధ్యలో ఏడేళ్లు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగిన పిల్లలు మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు. బీఈడీ తప్పని నేను అనను. జర్నలిజం పీజీ అయ్యాకైనా చేయొచ్చు, 2025లో జనరల్ వాళ్లకే 44 ఏళ్ల దాకా రాసే వీలిచ్చారు.

ఈ వారంలో రెండు పనులు చేయించండి. రెండేళ్లు పనిచేసినట్టు స్టేషన్ లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ తీసుకోమనండి, రావాల్సిన గౌరవవేతనం లెక్క కూడా రాతలో అడగమనండి. తను చేసిన కార్యక్రమాలన్నీ అడిగి ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోమనండి. రేపు స్టేషన్ మూతపడితే ఆ హార్డ్‌డిస్క్ ఏ బీరువాలో పడి ఉంటుందో ఎవరికీ తెలియదు.