పచ్చి ఆయిస్టర్‌కి నిమ్మరసం చాలా?

ప్రశ్న: బీచ్ పక్క హోటళ్లలో ఆయిస్టర్లు (సముద్రపు ఆల్చిప్పలు) పచ్చివే ఇస్తారు. తాజావో కావో ఎలా తెలుస్తుంది? నిమ్మరసం పిండితే క్రిములు చస్తాయంటారు, నిజమేనా?

జవాబు: నిమ్మరసం రుచికే. పచ్చి ఆయిస్టర్లలో ఉండి జబ్బు తెచ్చే విబ్రియో అనే బ్యాక్టీరియా దానికి గానీ, కారం సాస్‌కి గానీ, పక్కనున్న మద్యానికి గానీ చావదు. బాగా వేడి తగలాల్సిందే.

ఇక తాజాదనం. తెరవకముందు చిప్ప గట్టిగా మూసుకుని ఉండాలి. కాస్త నోరు తెరిచి ఉంటే వేలితో తట్టండి. మూసుకోకపోతే చచ్చిందన్నమాట, వద్దనండి. తెరిచాక కండ నిండుగా, చుట్టూ తేటనీటితో ఉండాలి. ఎండినట్టున్నా, కుళ్లు కంపు కొట్టినా వదిలేయండి. ఐసు మీద పెట్టారో లేదో కూడా చూడండి.

ఇవన్నీ బాగున్నా బ్యాక్టీరియా లేదని కాదు. కంటికీ ముక్కుకీ అది దొరకదు. అందుకే కాలేయ జబ్బు, షుగరు ఉన్నవారు, గర్భిణులు పచ్చివి ముట్టుకోకూడదు. ఉడికించి ఇమ్మనండి: చిప్పలు విచ్చుకున్నాక మరో 3-5 నిమిషాలు మరగాలి. విచ్చుకోనివి పారేయాలి.